ఎముకలో ప్లాస్టిక్కు: "జీవక్రియాశీలత" అను మాటపై ఒక విమర్శ

విరిగిన ఎముక అతుకును. ఇది అందరు ఎరిగిన విషయమే. పుత్తూరు కట్టును గూర్చి వినని తెలుగువారు అరుదు. అచట కట్టు కట్టువాడు ఎముకను అతికించుట లేదు. దానిని సరియైన స్థానమున కదలకుండ నిలుపుచున్నాడు. అతికించు పనిని ఎముకయే చేసికొనుచున్నది. కాని ఎముక నుగ్గైనప్పుడును, కంతి వలన కొంత భాగమును కోసివేయవలసి వచ్చినప్పుడును, వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ళ చెడినప్పుడును అచట ఖాళీ ఏర్పడును. పెద్ద ఖాళీని ఎముక తనంతట తాను పూడ్చుకొనలేదు. ఏదో ఒక వస్తువును అచట అమర్చవలసియుండును.

నర్సీపట్నము విశాఖ మన్యమునకు ముఖద్వారము వంటిది. లంబసింగి, చింతపల్లి ఘాటు రోడ్డుపై మోటారు సైకిలు జారినను, తాటిచెట్టు పైనుండి గీతకార్మికుడు పడినను వెన్నెముక దెబ్బతినవచ్చును. అట్టి రోగికి విశాఖపట్నములో శస్త్రచికిత్స జరిగి, రెండు పూసల నడుమ చిన్న గూడు వంటి సాధనము అమర్చబడుట నేడు వింత కాదు. ఆ గూడు అన్ని వేళల లోహముతో చేసినదే కానక్కరలేదు. లేత గోధుమ వన్నెగల ఒక గట్టి ప్లాస్టిక్కు ఈ పనికి విరివిగ వాడబడుచున్నది. దాని పేరు పాలీ ఈథర్ ఈథర్ కీటోన్; వాడుకలో "పీక్" అందురు. దాని చుట్టును ఎముక పెరిగి పట్టుకొన్నచో రోగి లేచి తిరుగును. పట్టుకొననిచో గూడు కదలును, నొప్పి మిగులును, రెండవ మారు కోత తప్పదు.

ఈ ప్లాస్టిక్కు ఉపరితలమును "జీవక్రియాశీలము"గ మార్చినట్లు ప్రకటించు వ్యాసములు కొన్ని దశాబ్దములుగ ప్రపంచమంతట వెలువడుచున్నవి. ఆ ప్రకటనలలో సత్యమెంత, తొందరపాటెంత అని విచారింపవలసియున్నది. ఏలనన రోగి శరీరములో అమర్చునది వస్తువునే గాని దాని బిరుదును కాదు.

అసలు లోహముండగా ప్లాస్టిక్కు ఎందుకు? ఎముక గోడలోని ఇటుక వంటిది కాదు. భారము పడిన చోట బలియును, పడని చోట సన్నగిల్లును. ఈ ధర్మమును జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించెను. అంతరిక్షములో నెలల తరబడి గడపి వచ్చిన వ్యోమగాముల ఎముకలు పలుచబడుట దీనికి నేటి సాక్ష్యము. ఒక వస్తువు వంగక సాగక నిలుచు గట్టితనమును యంగ్ గుణకముతో కొలుతురు. టైటానియము మిశ్రలోహమునకు ఈ గుణకము సుమారు 110 గిగాపాస్కలులు. గట్టి ఎముకకు 10 నుండి 20 వరకు. పీక్‌కు 3 లేక 4 మాత్రమే. లోహము పక్కన చేరినచో భారమంతయు అదియే మోయును. పనిలేని ఎముక క్రమముగ క్షీణించును. ప్లాస్టిక్కుతో ఈ చిక్కు తక్కువ. మరియొక లాభము: ఎక్సు కిరణములు దానిగుండ పోవును గనుక, లోపల ఎముక పెరిగినదో లేదో వైద్యుడు చిత్రములో చూడగలడు.

ఎముకలో ప్లాస్టిక్కును అమర్చుట మాత్రము కొత్త కాదు. 1946లో పారిసు నగరములో జూడే సోదరులు విమానపు కిటికీలకు వాడు ఆక్రిలిక్ ప్లాస్టిక్కుతో తొడ ఎముక తలను చేసి రోగులకు అమర్చిరి. మొదట అందరును మెచ్చిరి. కొలది యేండ్లలోనే అవి అరుగుట, విరుగుట, వదులగుట బయటపడెను. 1950 తరువాతి దశాబ్దపు చివరి యేండ్లలో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ టెఫ్లాను గిన్నెలను తుంటికీలులో వాడెను. టెఫ్లానుకంటె జడమైన పదార్థము దొరకుట కష్టము. ఆమ్లములు సైతము దానిని అంటవు. అయినను అది అరిగి పొడి అయినప్పుడు ఆ పొడిచుట్టు కణజాలము వాచి చెడెను. వందల రోగులకు తిరిగి శస్త్రచికిత్స అవసరమయ్యెను. చార్న్‌లీ ఆ పొడిని తన తొడలోనే చొప్పించుకొని పరీక్షించి, ఫలితమును 1963లో ప్రకటించెను. అంతకు ముందు సంవత్సరముననే ఆయన టెఫ్లానును విడిచి పాలిథీనులో ఒక గట్టి రకమునకు మారెను. ముద్దగ నున్నప్పుడు నిర్దోషియైన పదార్థము పొడిగ మారి దోషి కావచ్చునని ఆనాడే తేలినది. ఈ సంగతి తెలిసియు, ఉపరితలపు పూతలను గూర్చి వ్రాయువారు పూత రాలినచో ఏమగునో చెప్పకుండుట నేటికిని సాధారణము.

పీక్‌తో కలుగు చిక్కు దాని జడత్వమే. చేమ ఆకుపై నీటిబొట్టు గుండ్రముగ నిలిచి దొర్లును. శుభ్రమైన గాజుపై పరచుకొనును. బొట్టు అంచు తలముతో చేయు కోణమును స్పర్శకోణమందురు. పీక్ చేమ ఆకంత నీటిని తోసివేయదు గాని, దానిపై స్పర్శకోణము 80, 90 డిగ్రీల ప్రాంతమున నుండును. నీరు సరిగ పరచుకొనని చోట రక్తములోని ప్రోటీనులు ఎముక కణములకు అనువైన తీరున అంటవు, కణములును నిలదొక్కుకొనవు. శరీరము ఆ వస్తువును నారకణజాలపు పలుచని పొరతో చుట్టివేయును. పందిరి గుంజకు గుడ్డ చుట్టి పాతినట్లగును. గుంజ నిలిచినట్లే కనిపించును గాని మట్టి దానిని పట్టదు.

"జీవక్రియాశీలము" అను మాట పుట్టిన విధము తెలిసినచో నేటి వాడుకలోని లోపము తేటపడును. 1969లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమున లారీ హెంచ్ అను ఆచార్యుడు ఒక వింత గాజును తయారుచేసెను. అందు ఇసుక ధాతువైన సిలికా 45 పాళ్ళు, సోడియము ఆక్సైడు 24.5, ఖటికము అనగా కాల్షియముయొక్క ఆక్సైడు 24.5, భాస్వరముయొక్క ఆక్సైడు 6 పాళ్ళు. దీని ముక్కలను ఎలుకల తొడ ఎముకలలో అమర్చి 6 వారముల తరువాత లాగి చూడగా ఊడి రాలేదు. గాజుకు ఎముక నేరుగ బంధింపబడియున్నది. మొదట చూచినది ఇదియే: ఊడి రాకపోవుట. ఆ మీదట కారణము వెదకిరి. గాజునుండి సోడియము కరగిపోగా మిగిలిన సిలికా పొరపై ఖటిక భాస్వర లవణము పేరుకొని, ఎముకలోని ఖనిజమును పోలిన పొరగ మారుచున్నదని కనుగొనిరి.

ఎముకలోని ఆ ఖనిజము హైడ్రాక్సీ ఎపటైటును పోలినది. అందు 10 ఖటిక పరమాణువులకు 6 భాస్వర పరమాణువులు ఉండును. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే. మిగిలినది కొల్లాజెను అను ప్రోటీను, నీరు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగ చూపవచ్చును. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వినెగారులో నానవేసినచో ఖనిజము కరగిపోయి ఎముక రబ్బరువలె వంగును.

తరువాత జరిగినది గమనింపదగినది. ఎముక అంటిన ప్రతి గాజుపైనను ఆ ఖనిజపు పొర కనిపించెను గనుక, పొర ఏర్పడుటయే ఎముక అంటుటకు గుర్తు అని తలచిరి. క్యోటో విశ్వవిద్యాలయములో కొకుబో, ఆయన సహచరులు 1990 ప్రాంతమున ఒక కృత్రిమ ద్రవమును ప్రచారమునకు తెచ్చిరి. రక్తములోని నీటి భాగమునందుండు లవణములే ఇంచుమించు అవే పాళ్ళలో ఇందుండును. లీటరుకు ఖటికము 2.5, ఫాస్ఫేటు 1 మిల్లీమోలు. ఉష్ణోగ్రత 36.5 డిగ్రీలు, పి.హెచ్. 7.4. అందులో వస్తువును ముంచి, కొన్ని దినములకో వారములకో తీసి, ఎపటైటు పేరుకొన్నచో అది ఎముకకు అంటగలదని ఊహింతురు. 2007లో ఇది అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిగ కూడ వెలువడినది. పరీక్ష చవుక, సులభము. జంతువులను కోయు పని లేదు. ఎందరో పరిశోధకులు దీనిని ఆశ్రయించిరి. గుర్తుగ నున్నది క్రమముగ నిర్వచనమైపోయెను. పొర కనిపించినచో చాలును, "జీవక్రియాశీలము" అని శీర్షికలో చేర్చుట ఆచారమైనది.

ఇచట ఒక తెలుగువాని పేరు తలచుకొనవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫాస్ఫేటు గల ద్రవమునకు మాలిబ్డేటును చేర్చి, క్షయకరణము చేసినచో నీలిరంగు వచ్చును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువయో నీలి అంత చిక్కన. ఆ పద్ధతియు దాని సంతతియు దశాబ్దముల తరబడి ప్రపంచపు ప్రయోగశాలలలో నిలిచినవి. ప్లాస్టిక్కు ముక్కను కృత్రిమ ద్రవములో ముంచినప్పుడు ఫాస్ఫేటు ఎంత తగ్గినదో ఇట్టి నీలిరంగు పరీక్షతో లెక్కించవచ్చును. సుబ్బారావు పద్ధతి తన ప్రశ్నకు సరియైన సమాధానమునే చెప్పును: ద్రవములో ఫాస్ఫేటు ఇంత తగ్గినది. తప్పు ఆ సమాధానమును వేరొక ప్రశ్నకు అంటగట్టుటలో నున్నది. ఎముక అంటునా అన్న ప్రశ్నకు నీలిరంగు బదులు చెప్పలేదు.

2009లో బోనర్, లెమెట్ర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ పరీక్షనే పరీక్షకు పెట్టి, దాని బలహీనతలను విప్పి చెప్పిరి. మొదటిది, ఆ ద్రవము ఎపటైటు విషయమున అతిసంతృప్తమైనది. అనగా లవణము ద్రవమును విడిచి ఎచటనైన పేరుకొనుటకు సిద్ధముగ నుండును. చవుటి నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును. అంతమాత్రమున గిన్నెకు జీవక్రియతో సంబంధము కలదని ఎవరును అనరు. రెండవది, అందు ప్రోటీనులు లేవు. శరీరములోనో, వస్తువు రక్తమును తాకిన మరుక్షణమే ప్రోటీనులు దానిని కప్పివేయును. అవి లవణము పేరుకొనుటను అడ్డగింపవచ్చును. మూడవది అన్నిటికంటె బలమైనది. బీటా ట్రై కాల్షియం ఫాస్ఫేటు అను పదార్థము ఎముకకు చక్కగ అంటునని శస్త్రచికిత్సలో రుజువైనది. కాని ఈ పరీక్షలో అది పలుమారులు తప్పిపోవును! ఉత్తమ విద్యార్థిని తప్పించు పరీక్ష, మరి ఉత్తీర్ణులైన వారిని గూర్చి చెప్పు మాటకు విలువ ఎంత? న్యాయముగ చెప్పవలెనన్నచో కొకుబో కూడ ఈ మినహాయింపును దాచలేదు. పరీక్షను తొలి వడపోతగ వాడినంత కాలము దోషము లేదు. పీక్ పై పరిశోధనలలో కొందరు ద్రవమును మరింత చిక్కగ చేసి, దినమునకే తెల్లని పొరను రప్పించి, సూక్ష్మదర్శిని చిత్రమును అచ్చువేసి తృప్తిపడుచున్నారు. అది కాలీఫ్లవరు గుత్తులవలె అందముగ నుండును. అందులో ఎముక మాత్రము లేదు.

ఉపరితలమును మార్చు ఉపాయములలో కొన్ని నిజముగనే తెలివైనవి. సులభమైనది పూత. లోహముపై హైడ్రాక్సీ ఎపటైటును పూయుటకు వేల డిగ్రీల వేడిగల ప్లాస్మా జ్వాలలో పొడిని చిమ్ముదురు. పీక్ 343 డిగ్రీల వద్దనే కరగును. కావున చిమ్ముటలో ఒడుపు కావలెను; వేడి తగ్గించినచో పూత పట్టు తగ్గును. పాత గోడకు సిమెంటు పూయబోవు మేస్త్రీ ముందుగ గోడకు ఉలితో గాట్లు పెట్టును. లేనిచో పెచ్చులు ఊడును. టైటానియము పూత పూసిన పీక్ గూళ్ళను కృత్రిమ పూసల నడుమ సుత్తిదెబ్బతో దించి చూచిన ప్రయోగమొకటి 2016లో వెలువడినది. పూత కొన్ని చోట్ల రాలినట్లు అందు తేలినది. చార్న్‌లీ పొడిని మరచినవారు ఈ ఫలితమును శ్రద్ధగ చదువవలెను.

గంధకికామ్లముతో కొద్ది నిమిషములు తడిపి, పీక్ తలమునే స్పంజివలె రంధ్రమయముగ చేయు పద్ధతిని చైనా శాస్త్రజ్ఞులు 2013లో వర్ణించిరి. ఇందు వేరు పూత లేదు గనుక ఊడునన్న భయము తక్కువ. ఆ పరిశోధకులే, కడుగుట చాలక గంధకము మిగిలినచో కణములకు హాని కలుగునని నిజాయితీగ చూపిరి. ఇట్లు తన పద్ధతియొక్క లోపమును తానే కొలిచి చెప్పిన వ్యాసము, లాభమునే ఏకరువు పెట్టు పది వ్యాసములకంటె ఉపయోగకరము.

ప్లాస్మా వాయువు తగిలించి తలమును నీటికి అనుకూలముగ మార్చుట ఇంకొకటి. స్పర్శకోణము తటాలున పడిపోవును. పట్టిక చూడముచ్చటగ నుండును. కాని ప్లాస్టిక్కు అణుమాలికలు మెల్లగ మెలితిరిగి, మార్పు చెందిన కొసలు లోపలికి పోవును. దినములు, వారములు గడచిన కొలది తలము తన పాత స్వభావమునకు మరలును. కావున కోణమును కొలిచిన దినమేది, సాధనమును పెట్టె విప్పి వాడు దినమేది అని అడుగవలెను. ఎన్నో వ్యాసములలో రెండవ కొలత ఉండదు.

పూతకు బదులు ఎపటైటు పొడిని ప్లాస్టిక్కులోనే కలుపు మార్గమును లండనులో విలియం బాన్‌ఫీల్డ్ 1980 దశకములో పాలిథీనుతో సాధించెను. పొడి ఎక్కువైనచో ఎముకకు అనుకూలత పెరుగును, పదార్థము పెళుసగును. ఆ మిశ్రమమును మధ్యచెవి, కంటిగూటి అడుగుభాగము వంటి భారము పడని చోట్ల వాడిరి. వస్తువు శక్తి నెరిగి తగిన చోటు ఎన్నుకొనుట అందలి విజ్ఞత.

ద్రవ పరీక్ష దాటిన పిదప కణ పరీక్ష. పలు వ్యాసములలో వాడు ఎం.జి.-63 కణవంశము ఎముక క్యాన్సరునుండి తీసినది. క్యాన్సరు కణములు గాజుపైనను ప్లాస్టిక్కుపైనను బతుకుటకు అలవాటుపడినవి. అవి ఒక దినములో అంటుకొన్నంత మాత్రమున, 60 ఏండ్ల మధుమేహ రోగి కణములు అట్లే చేయునని చెప్పజాలము. జంతు పరీక్షలో సాధారణముగ వాడునది ఆరోగ్యమైన పడుచు కుందేలు. దాని ఎముక మనుష్యుని ఎముకకంటె త్వరగ పూడును. 8 వారములలో వచ్చిన తేడా ఏడాదికి నిలుచునా అన్నది వేరు సంగతి.

పరిశోధకులు తరచు విస్మరించునది సూక్ష్మజీవులను. అమెరికా వైద్యుడు గ్రిస్టీనా 1987లో, సాధనపు తలముపైకి ఎముక కణములును సూక్ష్మజీవులును పందెము పరుగెత్తునని వర్ణించెను. ఎవరు ముందు చేరిన చోటు వారిదే. గరుకు తలము, నీటికి అనుకూలమైన తలము ఎముక కణములకు మాత్రమే స్వాగతము పలుకవు. ఉపరితలమును మెరుగుపరచితిమను ప్రతి వ్యాసములోను ఈ రెండవ పోటీదారును గూర్చిన లెక్క ఉండవలెను. ఉండుట అరుదు.

ఈ విచారణ దూరదేశములకే సంబంధించినది కాదు. విశాఖపట్నములో 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరముల తయారీతో బాటు జీవపదార్థముల పరీక్షకును, త్రిమితీయ ముద్రణకును ఏర్పాట్లున్నవి. నర్సీపట్నమునకు అది 100 కిలోమీటర్ల లోపు. ఆ రోగికి కావలసిన సాధనము ఇక్కడనే తయారగు దినములలో, దానిపై ముద్రించు మాటలను తూచువారు కూడ ఇక్కడనే ఉండవలెను. అందులోను మన్యపు రోగి విషయమున ఒక కష్టము కలదు. శస్త్రచికిత్స అయి కొండలలోని గూడెమునకు పోయినవాడు ఏడాది తరువాత పరీక్షకు రాకపోవచ్చును. రానివాడు బాగుపడినాడని లెక్కించు నివేదికకు విలువ లేదు.

లెక్క సరిగ ఉంచినచో ఏమి తెలియునో నార్వే చూపినది. ఆ దేశమున 1987 నుండి కృత్రిమ కీళ్ళ రోగుల పట్టిక నిర్వహింపబడుచున్నది. 1991 ప్రాంతమున బోన్‌లాక్ అను కొత్త ఎముక సిమెంటు బజారుకు వచ్చెను. ఇదియు ఆక్రిలిక్ ప్లాస్టిక్కే; గట్టిపడునప్పుడు వేడి తక్కువ, హానికర ద్రవ్యము విడుదల తక్కువ అని ప్రయోగశాల చెప్పినది. ఆ మాట అబద్ధము కాదు. కాని దానితో అమర్చిన కీళ్ళు పాత సిమెంటు కీళ్ళకంటె ఎంతో ముందుగ వదులగుచున్నట్లు పట్టికలో కనిపించెను. 1995లో ఆ సిమెంటును ఉపసంహరించిరి.

పీక్ గూళ్ళ విషయములో, టైటానియము పూసినవానికిని సాదావానికిని రోగులలో ఎముక కలయుటలో పెద్ద తేడా గలదని ఇంతవరకు వెలువడిన పోలికలు నిర్ద్వంద్వముగ చూపలేదు. పూతలు వ్యర్థమని దీని అర్థము కాదు. ప్రయోగశాలలోని తేడా రోగివరకు చేరినదని ఇంకను రుజువు కాలేదని మాత్రమే.

తెలుగులో ఈ శాస్త్రమును వ్రాయువారు, బోధించువారు రెండు మాటలను వేరుగ నుంచుట మేలు. ద్రవములో ముంచగా పొర కట్టినదానిని "ఎపటైటు కట్టునది" అని పిలువవచ్చును. హెంచ్ ఎలుకలలో చూచినట్లు, బతికిన ఎముకకు అంటి లాగినను ఊడనిదానికే "జీవక్రియాశీలము" అను పేరును అట్టిపెట్టవలెను.